తవుడు గేదెకి, తెల్లన్నం మనకి

మా ఫ్లాట్లో నలుగురం ఉంటాం. నలుగురమూ సాఫ్ట్‌వేరే. తిండి దగ్గర మాత్రం తలా ఒక దిక్కు. ఒకడు పుట్టు శాకాహారి, గుడ్డు తగిలిన గరిటె కూడా ముట్టడు. ఇంకొకడికి వారానికి ఐదు రోజులు బిర్యానీ పడాలి. మూడోవాడు ఆరు నెలల క్రితం అన్నం మానేసి పనీరూ, గుడ్లూ, కొబ్బరినూనే అంటున్నాడు. నాలుగోవాణ్ణి నేను. అన్నీ తింటాను, అన్నిటి గురించీ చదువుతాను. ఏ పప్పులో ఎంత ప్రోటీనుందో అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్తాను.

మొన్నామధ్య మా ఆఫీసులో ఏడాదికోసారి చేయించే రక్తపరీక్షలయ్యాయి. నా రిపోర్టు చూసి మిగతా ముగ్గురూ కూడా పోటీకి చేయించుకున్నారు. శాకాహారికి బి12 తక్కువ. ఇది ఊహించిందే, వాడు పాలూ పెరుగూ కూడా పెద్దగా తీసుకోడు. బిర్యానీ గాడికి హిమోగ్లోబిన్ తక్కువ, డి విటమిన్ మరీ తక్కువ. అన్నం మానేసిన వాడి కొలెస్టరాల్ గీత దాటింది. ఇక నాకు? ఫోలేట్ తక్కువ. ఆకుకూరలు తినండ్రా అని అందరికీ క్లాసులు పీకే నాకు!

ఆ రాత్రి జరిగిన యుద్ధం వర్ణించను. "నీకు అంత తెలిసి ఏం లాభం మామా" అని బిర్యానీ గాడు అన్నమాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. నిజమే కదా. తెలియడానికీ తినడానికీ మధ్య దూరం ఎంత? ఈ ప్రశ్న పట్టుకుని రెండు వారాలు చదివాను. చదువుతూ చదువుతూ జపాన్ ఓడలెక్కి, జావా కోళ్ళ దొడ్డి మీదుగా, నెల్లూరు తగిలి, చివరికి పశ్చిమగోదావరిలో మా తాతమ్మ ఇంటి గుమ్మం దగ్గర తేలాను. ఆ కథే ఈ టపా. కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

ముందు ఓడల సంగతి.

1882 డిసెంబరులో జపాన్ నౌకాదళానికి చెందిన రియూజో అనే శిక్షణ ఓడ బయల్దేరింది. న్యూజిలాండ్, పెరూ, హొనొలులు మీదుగా చుట్టి రావాలి. ఓడలో 376 మంది, ఎక్కువమంది కుర్రాళ్ళు. దాదాపు తొమ్మిది నెలల ప్రయాణం. తిరిగొచ్చేసరికి 169 మందికి జబ్బు చేసింది, 25 మంది చనిపోయారు. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపు, నడవలేకపోవడం, చివరికి గుండె ఆగిపోవడం. జపాన్‌వాళ్ళు దాన్ని కక్కె అనేవారు. మనకి తెలిసిన పేరు బెరిబెరి.

నౌకాదళంలో టకాకి కనెహిరో అనే వైద్యుడుండేవాడు. లండన్‌లో ఐదేళ్ళు చదువుకుని వచ్చినవాడు. అక్కడి నావికుల్లో ఈ జబ్బు లేదు, ఇక్కడి నావికుల్లో ఎందుకుందీ అని ఆలోచించి ఓడల లెక్కల పుస్తకాలు ముందేసుక్కూచున్నాడు. మన భాషలో చెప్పాలంటే లాగ్స్ చదివాడన్నమాట. వాతావరణం కాదు, బట్టలు కాదు, పని కాదు. తేడా అంతా తిండిలోనే కనపడింది. కుర్ర నావికులు తెల్లగా మరపట్టిన బియ్యం కడుపునిండా తిని, కూరల కోసం ఇచ్చే డబ్బులు మిగుల్చుకునేవారు. అధికారుల కంచంలో మాత్రం నాలుగు రకాలుండేవి. జబ్బు కూడా అధికారుల్లో తక్కువ, నావికుల్లో ఎక్కువ.

1884లో టకాకి పట్టుబట్టి ఇంకో ఓడని, దాని పేరు త్సుకుబా, దాదాపు అదే దారిలో పంపించాడు. మార్చిందల్లా తిండి ఒక్కటే. బియ్యం తగ్గించి బార్లీ, మాంసం, పాలు, బీన్స్ పెంచాడు. మనం ఇవాళ ఎ/బి టెస్టింగ్ అని గొప్పగా చెప్పుకుంటామే, అదే, సముద్రం మీద. మూడువందల పైచిలుకు మందిలో ఈసారి జబ్బు పడినవాళ్ళు పది పదిహేనుమంది. చనిపోయినవాళ్ళు? ఒక్కళ్ళు కూడా లేరు.

ఇక్కడిదాకా మామూలు విజయగాథే. నాకు ఆశ్చర్యం వేసింది దీని తర్వాతి ముక్క చదివినప్పుడు. ఇంతా చేసి టకాకి సిద్ధాంతం తప్పు! ప్రోటీను తక్కువై జబ్బొస్తోందని ఆయన నమ్మకం. అసలు కారణం ప్రోటీను కాదు. బియ్యం పైపొరలో ఉండే ఒక పదార్థం పాలిష్‌లో పోవడం వల్ల వచ్చే జబ్బది. విటమిన్ అన్న మాటే అప్పటికింకా పుట్టలేదు. బగ్ ఏమిటో తెలియకుండానే ఫిక్స్ చేసేశాడు మహానుభావుడు. మేనేజర్లు ఇలాంటివాళ్ళని నెత్తిన పెట్టుకుంటారు. జపాన్ కూడా పెట్టుకుంది, తర్వాత్తర్వాత బారన్ బిరుదిచ్చింది. జనం ఆయన్ని బార్లీ బారన్ అన్నారు.

మరి జపాన్ సైన్యం? నౌకాదళం పక్కనే ఉంది, ఫలితం కళ్ళముందే ఉంది. అయినా మార్చలేదు. సైన్యపు వైద్యులు జర్మనీలో చదువుకున్నవాళ్ళు. అప్పుడు జర్మనీ అంటే సూక్ష్మజీవుల శాస్త్రానికి రాజధాని. బెరిబెరి కూడా ఏదో క్రిమి వల్లే వస్తుందని వాళ్ళ నమ్మకం. టకాకి చెప్పే ప్రోటీను లెక్కలో తప్పులు పట్టుకున్నారు. పట్టుకోవడం కూడా సరిగ్గానే పట్టుకున్నారు, అదే విషాదం. వాళ్ళలో మోరి ఓగై ఒకడు. పెద్ద రచయిత, ఆధునిక జపాన్ సాహిత్యంలో మొదటి వరసలో చెప్పుకునే పేరు. అంత తెలివైనవాడు కూడా తెల్లబియ్యం వైపే నిలబడ్డాడు.

ఇంకో కారణం కూడా ఉంది. సైన్యంలో చేరే పల్లెటూరి కుర్రాళ్ళు ఇంట్లో బార్లీ, చిరుధాన్యాలు తిని పెరిగినవాళ్ళు. తెల్లన్నం వాళ్ళకి పండగ తిండి. సైన్యంలో చేరితే రోజూ కడుపునిండా తెల్లన్నం అన్నది పెద్ద ఆశ. ఆ ఆశ మీద కొట్టడం ఎవరికిష్టం? ఫలితం 1904-05లో రష్యాతో యుద్ధంలో బయటపడింది. రెండు లక్షలకు పైగా సైనికులు బెరిబెరి పాలయ్యారు, దాదాపు 27 వేలమంది దాంతోనే పోయారు. యుద్ధం చివరికొచ్చాక, 1905లో, బియ్యంలో బార్లీ కలపడం మొదలుపెట్టారు.

తప్పు కారణం తెలిసినవాడు సరైన కంచం పెట్టి కుర్రాళ్ళని బతికించాడు. తప్పు పట్టుకోవడం తెలిసినవాళ్ళు పాత కంచమే ఉంచి వేలమందిని పోగొట్టుకున్నారు. తెలియడమూ తినడమూ వేరువేరు అని మా బిర్యానీ గాడు చెప్పింది ఇదే, వాడికి తెలియకుండా.

సరే, ఆ పదార్థం ఎలా దొరికిందో చూద్దాం. ఈ కథలో కోళ్ళున్నాయి, వంటవాడున్నాడు, చివర్లో మన నెల్లూరున్నాడు.

జావాలో, అప్పటి బటావియాలో, ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి క్రిమి కోసం వెతుకుతున్నాడు. ప్రయోగాలకి పెంచుతున్న కోళ్ళు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. కొన్నాళ్ళకి వాటంతటవే లేచి తిరిగాయి. ఏమిటా అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, కోళ్ళని చూసేవాడు ఖర్చు కలిసొస్తుందని సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తెచ్చి పెడుతున్నాడు. తర్వాత కొత్త వంటవాడొచ్చి, సైన్యం బియ్యం మామూలు కోళ్ళకెందుకు పెట్టాలి, కుదరదన్నాడు. కోళ్ళు మళ్ళీ ముతక బియ్యానికి వచ్చాయి, బతికిపోయాయి. ఆ వంటవాడి పిసినారితనానికి వైద్యశాస్త్రం రుణపడి ఉంది. ఐక్‌మన్ కూడా మొదట తప్పే అనుకున్నాడు: తెల్లన్నంలో ఏదో విషం ఉందని, తవుడులో దానికి విరుగుడు ఉందని. విషం ఉండటం కాదు, ఉండాల్సింది లేకపోవడం అని 1901లో సరిగ్గా చెప్పినవాడు ఆయన తర్వాత ఆ పనిలోకొచ్చిన గ్రైన్స్. నోబెల్ మాత్రం 1929లో ఐక్‌మన్‌కొచ్చింది.

లేకపోవడం వల్ల జబ్బు రావడం అన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరి బుర్రకీ ఎక్కేది కాదు. మనకి కూడా ఎక్కదు. కోడ్‌లో తప్పు లైను కనపడుతుంది, రాయని లైను ఎక్కడ కనపడుతుంది?

ఇక రాబర్ట్ విలియమ్స్. 1886లో నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికా బాప్టిస్టు మిషనరీలు. అవును, బి1 విటమిన్ గుట్టు విప్పినవాడు మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నెల్లూరులో పుట్టాడు. ఈ సంగతి నాకు ఇరవయ్యేడేళ్ళు వచ్చేదాకా తెలియదు, ఇంజనీరింగు ఎంట్రెన్సు కోసం రసాయనశాస్త్రం రెండేళ్ళు రుబ్బినా ఎవరూ చెప్పలేదు. విలియమ్స్ పెద్దయ్యాక ఫిలిప్పీన్స్‌లో, మనీలాలో, ప్రభుత్వ రసాయనశాస్త్రవేత్తగా చేరాడు. 1910లో అక్కడి అమెరికా సైనిక వైద్యుడు వెడర్ తవుడు నుంచి తీసిన సారం ఇచ్చి, ఇందులో పనిచేసేదేమిటో కనిపెట్టు అన్నాడు. చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డ నోట్లో ఆ సారం చుక్కలు వేస్తే గంటల్లో తేరుకోవడం విలియమ్స్ కళ్ళారా చూశాడు. ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

తర్వాత అమెరికా వెళ్ళి ఉద్యోగంలో చేరింది ఎక్కడనుకున్నారు? బెల్ ల్యాబ్స్‌లో. ట్రాన్సిస్టరూ, యూనిక్సూ, సి భాషా పుట్టిన ఆ బెల్ ల్యాబ్స్‌లోనే. అక్కడ రసాయన విభాగానికి అధిపతి, పగలు చూసేది టెలిఫోన్ తీగల మీది తొడుగుల్లాంటి వ్యవహారాలు. విటమిన్ పని చాలాభాగం సాయంత్రాలూ సెలవురోజులూ. మనం సైడ్ ప్రాజెక్టు అంటాం చూడండి, రెండు వారాల్లో మూలపడేస్తాం, ఆయన 26 ఏళ్ళు చేశాడు. టన్నులకొద్దీ తవుడు వడగట్టి గ్రాముల్లో పదార్థం తీశాడు. 1936కి దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. థయమిన్ అన్న పేరు ఆయన పెట్టిందే. వచ్చిన రాయల్టీల్లో ఎక్కువభాగం పోషకాహార లోపాల మీద పోరాడే నిధికి పోయింది. 1940ల చివర్లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్ ప్రాంతంలో బియ్యానికి బి1 కలిపి పంచితే బెరిబెరి మరణాలు బాగా పడిపోయాయి.

మరి ఆయన పుట్టిన గడ్డ మీద ఏం జరిగింది?

1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో, బెరిబెరి విచారణ అనే పేరుతో ఒక చిన్న ప్రయోగశాల మొదలైంది. నడిపినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఆ గది పెరిగి పెద్దదైన రూపమే. 1958లో హైదరాబాదు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు వచ్చింది. నేను ఆ గేటు ముందు నుంచి కనీసం వందసార్లు వెళ్ళుంటాను, లోపల బెరిబెరి కథ ఉందని తెలియకుండా.

మెక్‌కారిసన్ 1920ల్లో చేసిన ఎలకల ప్రయోగం మా ఫ్లాట్ గొడవకి సరిగ్గా సరిపోతుంది. ఎదిగే వయసులో ఉన్న ఎలకల్ని ఏడు గుంపులు చేసి, గుంపుకి 20 చొప్పున, దేశంలో ఏడు ప్రాంతాల తిళ్ళు పెట్టాడు. 140 రోజుల తర్వాత తూచాడు. సిక్కుల తిండి తిన్న ఎలక సగటు బరువు 235 గ్రాములు. పఠాన్లది 230, మరాఠీలది 225, గూర్ఖాలది 200, కన్నడిగులది 185, బెంగాలీలది 180. అన్నిటికన్నా అడుగున, 155 గ్రాములతో, మద్రాసీల తిండి. మద్రాసీ అంటే అప్పుడు మనం కూడా, కోస్తా, రాయలసీమ అన్నీ మద్రాసు రాష్ట్రమే.

ఇందులో మాంసం గెలిచిందనుకునేరు. సిక్కు కంచంలో ముడిగోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు, పళ్ళు. మాంసం వారానికోసారి కాస్త. ఆయనే ఇంకో ప్రయోగంలో ఆనాటి ఇంగ్లండు పేదల తిండి పెట్టాడు: తెల్లరొట్టె, మార్గరిన్, జాము, తీపి టీ, డబ్బా మాంసం, ఉడకేసిన కూరలు. మాంసం ఉంది. ఆ ఎలకలు ఎదగలేదు సరికదా, చూసుకునేవాళ్ళని కరిచాయి, రెండో నెలకొచ్చేసరికి తమలో బలహీనమైనవాటిని చంపి తిన్నాయి. మద్రాసీ తిండిలో కొట్టుకుపోయింది మాంసం లేక కాదు. పాలిష్ పట్టిన బియ్యం, దాన్ని కడిగి కడిగి వండి, పక్కన పాలూ పప్పూ ఆకుకూరా అంతంతమాత్రం కావడం వల్ల. ఎలకలు మనుషులు కావన్నది నిజమే. ఫలానా జాతి వీరజాతి అనే తెల్లదొరల పిచ్చి కూడా ఆ రాతల్లో కనపడుతుంది. అయినా తిండి లెక్క వరకూ ఆయన చూపిన దారి నిలబడింది.

ఇంకా విచిత్రమైన సంగతి ఒకటి ఉంది. మద్రాసు రాష్ట్రమంతా బియ్యమే తినేవాళ్ళు ఎక్కువ కదా, బెరిబెరి మాత్రం అంతటా లేదు. ఎక్కువ కేసులు ఉత్తర సర్కారుల నుంచే, అంటే మన కోస్తా జిల్లాల నుంచే. మలబారులో, తమిళదేశంలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి దంచితే పైపొరలోని బి1 లోపలి గింజలోకి ఇంకుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మనకి ఉప్పుడు బియ్యం వాసన పడదు. గోదావరి జిల్లాల్లో మిల్లులు ఉప్పుడు బియ్యం ఆడించి కేరళకి పంపుతాయి, ఇంట్లో వండేది మాత్రం పచ్చిబియ్యం. పచ్చిబియ్యాన్ని తెల్లగా మరపడితే ముడిబియ్యంలో ఉన్న బి1లో మిగిలేది సుమారు ఐదో వంతు. అది కూడా నాలుగుసార్లు కడిగి, గంజి వార్చేస్తే?

ఆనకట్టలొచ్చి డెల్టా పచ్చబడింది. ధవళేశ్వరం 1852లో, బెజవాడది 1855లో. ఆ తర్వాతి తరాల్లో బియ్యం మిల్లులొచ్చాయి. అంతకుముందు దంపుడు బియ్యమే, రోట్లో రోకలితో దంచినవి, కొంత పొర మిగిలేవి. మిల్లులొచ్చాక బియ్యం మల్లెపూవైంది, తవుడు గేదె కుడితిలోకి పోయింది. గేదె బాగుంది. 1934లో గాంధీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి, హరిజన్ పత్రికలో దంపుడు బియ్యం తినండి అని నెలల తరబడి చెప్పారు. ఎవరు విన్నారు?

ఎందుకు వినలేదని నేను కూడా కాస్త కోపంగానే చదివాను. మా అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "దంచేది నువ్వా నేనా?" పదిమంది ఉన్న ఇంట్లో రోజూ వడ్లు దంచడమంటే ఏమిటో రోకలి ఎత్తినవాళ్ళకి తెలుస్తుంది. దంపుడు పాటలు ఎంత బాగున్నా, ఆ పాటలు పుట్టింది చేతులు నొప్పెట్టడం మర్చిపోవడానికే. మిల్లు ఆ చేతులకి విశ్రాంతినిచ్చింది. ఆ విశ్రాంతికి కట్టిన ధరలో బి1 కూడా ఉందని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు కూనూరు కొండ మీద ఉన్నారు.

ఇక్కడ మా తాతమ్మ వస్తుంది. అమ్మమ్మ ఆ ఫోన్లోనే చెప్పింది. తనకన్నా ముందు తాతమ్మకి ఒక మగపిల్లాడు పుట్టాడట, 1940ల మొదట్లో. మూడో నెల దాకా బొద్దుగా ఉన్నాడట. ఒకరోజు పాలు తాగనన్నాడు, ఏడుస్తున్నాడు గానీ గొంతు రావట్లేదు, నోరు తెరుస్తాడు, చప్పుడుండదు. సాయంత్రానికి ఒళ్ళు నీలబడి పోయాడు. ఊళ్ళో గ్రహం అన్నారు. అత్తగారు, నీ పాలే పడలేదు అంది. తాతమ్మ ఆ మాట చచ్చేదాకా మోసింది.

నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే చదివాను. కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన అయ్‌క్రాయిడ్, కృష్ణన్ అనే సహచరుడితో కలిసి 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి జిల్లాల్లో శిశు మరణాల మీద ఒక పరిశోధన అచ్చువేశాడు. తల్లికి బి1 లేకపోతే పాలల్లో ఉండదు. తల్లి తిరుగుతూనే ఉంటుంది, బిడ్డ కూలిపోతుంది. ఎక్కువగా రెండో నెల నుంచి ఐదో నెల లోపు, అప్పటిదాకా బాగున్న పిల్లలే. గొంతు పోవడం ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి. సమయానికి ఒక్క ఇంజెక్షన్ పడితే గంటల్లో తేరుకుంటారు.

మా తాతమ్మ బిడ్డ దాంతోనే పోయాడని నేను చెప్పలేను. ఎనభై ఏళ్ళ తర్వాత, వినికిడి మాట మీద, అలా చెప్పడం తప్పు. కానీ బాలింతకి పథ్యం పేరుతో వాళ్ళు ఏం పెట్టేవాళ్ళో అమ్మమ్మ చెప్పింది: తెల్లన్నం, నెయ్యి, కారప్పొడి, వెల్లుల్లి. పప్పు వాయువు, ఆకుకూర విరేచనం, పళ్ళు జలుబు. నెల్లూరులో పుట్టినవాడు ఆ మందుని ప్రయోగశాలలో తయారుచేసి అప్పటికి ఐదారేళ్ళయింది. నెల్లూరికీ మా ఊరికీ మధ్య దూరం మూడు వందల కిలోమీటర్లు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. ఇటీవలి సంవత్సరాల్లో కూడా కర్ణాటకలో, కాశ్మీర్‌లో, పాలిష్ బియ్యం తిని పథ్యం చేసే తల్లుల పసిపిల్లలు గుండె జబ్బుతో ఆసుపత్రికొస్తే, వైద్యులు బి1 ఇచ్చి బతికించి ఆ వివరాలు అచ్చువేశారు. 2021లో రేషను బియ్యానికి పోషకాలు కలుపుతామని కేంద్రం ప్రకటించింది. తప్పనిసరిగా కలిపే మూడు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12. బి1 వాటిల్లో లేదు.

అయితే పరిష్కారం బియ్యం మానేసి జొన్నలూ సజ్జలూ తినడమేనా? మా మూడోవాడు వెంటనే అదే అన్నాడు. దానికీ చరిత్రలో జవాబుంది, అదీ హైదరాబాదులోనే. 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇక్కడ జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు గురించి రాశారు. ఎండ తగిలిన చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, మతి చలించడం. అంతవరకు అది మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బనే ప్రపంచానికి తెలుసు. జొన్న చెడ్డది కాదు. పొద్దున జొన్న, రాత్రి జొన్న, పక్కన కారం తప్ప ఏమీ లేకపోవడం చెడ్డది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు తెలంగాణ, సీమ పల్లెల్లో జనం ఎందుకు అంత సంబరపడ్డారో, జపాన్ పల్లెటూరి కుర్రాడు సైన్యంలో తెల్లన్నానికి ఎందుకు సంబరపడ్డాడో, రెండూ ఒకటే. పండగన్నం రోజూ దొరికింది. ఇప్పుడు నగరంలో మనం ఎక్కువ డబ్బు పెట్టి మళ్ళీ జొన్నలూ దంపుడు బియ్యమూ కొనుక్కుంటున్నాం. తవుడు నూనె సీసాల్లో అమ్ముతున్నారు. గేదె ఏమనుకుంటోందో :)

వెజ్, నాన్‌వెజ్ తగాదాకి కూడా ఒక లెక్క చెప్పి వదిలేస్తాను. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే, ఆంధ్రాలోనూ దాదాపు అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రాలో 58.8. ఇంటింటా మాంసం తినేవాళ్ళే, సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం లేదు. రక్తహీనతకి కారణాలు చాలా ఉంటాయి, కానీ నాన్‌వెజ్ అనే ముద్ర కంచంలో ఏముందో చెప్పదని ఇంతకన్నా రుజువు కావాలా? ఆదివారం ఒక కిలో కోడి తెస్తే ఆరుగురున్న ఇంట్లో ఆఖర్న తినే ఆవిడకి ఎన్ని ముక్కలొస్తాయి? దేశం మొత్తమ్మీద 2016-18లో 10 నుంచి 19 ఏళ్ళవాళ్ళని పరీక్షిస్తే 31 శాతానికి బి12, 37 శాతానికి ఫోలేట్ తక్కువ. బడిలో విటమిన్ల పట్టిక బట్టీ కొట్టిన పిల్లలే వాళ్ళంతా. నాలాగా.

కాబట్టి నేను తేల్చుకున్నదేమిటంటే, అన్నం మంచిదా చెడ్డదా, మాంసం తినాలా వద్దా అన్నవి రెండో ప్రశ్నలు. మొదటి ప్రశ్న: అన్నం పక్కన ఏముంది? తెల్లన్నం జపాన్ అధికారులూ తిన్నారు, వాళ్ళకి జబ్బు తక్కువే, పక్కన నాలుగు రకాలున్నాయి కాబట్టి. రెండో ప్రశ్న కన్నా ముందు ఇంకొకటి కూడా ఉంది: ఆ కంచంలో ఏం పెట్టాలో నిర్ణయించేది ఎవరు? ఓడలో నావికుడు కాదు. మా ఇంట్లో తాతమ్మ కాదు.

ఇదంతా ఇంత ఆత్రంగా ఎందుకు చదివానో ఇప్పుడు చెప్తాను. మా చెల్లికి పోయిన నెల కాన్పయింది. పుట్టింట్లో ఉంది. ఫోన్ చేస్తే, "అన్నయ్యా, పదిరోజుల్నుంచీ అన్నం, నెయ్యి, కారప్పొడి. పప్పు అడిగితే అమ్మ కొట్టినంత పని చేస్తోంది" అంది. అది బీటెక్ చదివింది, నాకన్నా ఎక్కువ తెలుసు. తెలిసినా కంచం దాని చేతిలో లేదు.

అమ్మకి ఫోన్ చేశాను. విటమిన్లు, పర్సెంటేజీలు మొదలుపెట్టాను. "మిమ్మల్నిద్దర్నీ ఈ పథ్యంతోనే కన్నాను, పెంచాను, ఏం తక్కువైంది?" అంది. నా ఫోలేట్ సంగతి చెప్పలేదు, చెప్తే వేరే గొడవ. లెక్కలు పక్కనపెట్టి తాతమ్మ బిడ్డ సంగతి అడిగాను. అమ్మకి తెలుసు. గొంతు రాకపోవడం కూడా తెలుసు. చదివింది చెప్పాను, కాదో అవునో తెలియదమ్మా అని కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడకి ఎవరూ చెప్పలేదు కదరా, పాపం" అని పెట్టేసింది.

మర్నాడు చెల్లి కంచం ఫోటో పంపింది. అన్నం, పెసరకట్టు, బీరకాయ కూర, ఉడకేసిన గుడ్డు. అమ్మని అడిగితే డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పెట్టానంది. నా పేరు ఎత్తలేదు. ఫరవాలేదు, టకాకి సిద్ధాంతం కూడా తప్పే కదా, కంచం మారింది, చాలు.

మా ఫ్లాట్లో ఈ వారం నుంచి ఆకుకూర తెచ్చే పని నాది. తరిగే పని ఎవరిదో ఇంకా తేలలేదు. మీ ఇళ్ళల్లో బాలింతలకి ఏం పెట్టేవాళ్ళో, ఎవరు పెట్టేవాళ్ళో, మీ అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ అడిగి చెప్పండి. వాళ్ళుండగానే అడగండి.